జనం పెరిగితే సర్వర్ ఎందుకు పడిపోతుంది?

1 జీబీ ర్యామ్ సర్వర్‌లో ఇంజిన్‌ఎక్స్ (బ్రౌజర్ల రిక్వెస్ట్‌లు అందుకునే వెబ్ సర్వర్), పీహెచ్‌పీ (పేజీలు తయారుచేసే భాష), డేటాబేస్ మూడూ నడుస్తున్నాయి, ఫలితాల రోజున సైటు ఆగిపోతోంది, ఏం మార్చాలి అని అడిగారు.

ముందు ఇంజిన్‌ఎక్స్ జోలికి వెళ్లకండి. ఇలాంటి చిన్న సర్వర్లలో ఎక్కువగా దెబ్బతీసేది పీహెచ్‌పీ ఎఫ్‌పీఎమ్‌లోని (పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నడిపేది) మ్యాక్స్ చిల్డ్రన్ సంఖ్య, అంటే ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని పీహెచ్‌పీ ప్రాసెస్‌లు నడవచ్చో చెప్పే సెట్టింగ్. చాలామంది దాన్ని 50కి పెంచేస్తారు. ఒక్కో ప్రాసెస్ 50 ఎంబీ తింటుందనుకోండి, 50 ప్రాసెస్‌లకు 2,500 ఎంబీ కావాలి. ఉన్నదేమో 1,024! మెమరీ చాలక డిస్క్‌ను వాడుకోవడం మొదలవుతుంది, పేజీలు నత్తనడక నడుస్తాయి, చివరికి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెమరీ ఖాళీ చేయడానికి చాలాసార్లు డేటాబేస్‌నే ఆపేస్తుంది. సిస్టమ్‌కూ డేటాబేస్‌కూ 424 ఎంబీ వదిలితే మిగిలేది 600. అంటే 12 ప్రాసెస్‌లు, అంతే. ఒక్కో ప్రాసెస్ నిజంగా ఎంత తింటోందో మీ సర్వర్‌లోనే చూసి లెక్క వేసుకోండి.

తర్వాత జీజిప్, అంటే పేజీలను కుదించి పంపే ఇంజిన్‌ఎక్స్ సెట్టింగ్. దాన్ని ఆన్ చేసినంత మాత్రాన హెచ్‌టీఎంఎల్ మాత్రమే కుదించబడుతుంది. సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ రకాలను మనమే విడిగా రాయాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

భద్రత విషయంలో, ఇంజిన్‌ఎక్స్ వెర్షన్ నంబర్ దాచడం మంచిదే కానీ అదే రక్షణ అనుకోవద్దు. డాట్ ఈఎన్‌వీ (సైటు రహస్య సెట్టింగుల ఫైలు), డాట్ గిట్ (కోడ్ మార్పుల చరిత్ర ఉండే ఫోల్డర్) బయటివాళ్లకు తెరుచుకుంటున్నాయేమో ఈరోజే మీ సైటు అడ్రస్ తర్వాత ఆ పేర్లు బ్రౌజర్‌లో కొట్టి చూడండి, డేటాబేస్ పాస్‌వర్డ్ తరచూ డాట్ ఈఎన్‌వీలోనే ఉంటుంది. 2021లోనే పనికిరానివని ప్రకటించిన టీఎల్‌ఎస్ (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతి) 1.0, 1.1 వెర్షన్లు ఆపేయండి. లాగిన్ పేజీకి రిక్వెస్ట్‌ల పరిమితి పెట్టండి.

ఇంజిన్‌ఎక్స్‌లో ఏది మార్చినా ముందు కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) టెస్ట్ చేసి, ఆ తర్వాతే రీలోడ్ ఇవ్వండి.