ముందు టైరు సన్నబడనివ్వకు తల్లీ

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. సైకిల్‌కి ముందు 28, వెనక 37 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేయించాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వెనక లావుది ఉంటే బ్యాగు బరువు మోస్తుందన్న నీ ఆలోచన తప్పు కాదు. మామూలుగా తొక్కేటప్పుడు సగానికి పైగా బరువు వెనక చక్రం మీదే ఉంటుంది. కానీ నువ్వు రోజూ తిరిగేది ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట మీద. ఆ దారికి నేనైతే ముందు 37, వెనక 32 వేస్తాను.

వెనక చక్రం జారితే కాలు ఆనించి నిలదొక్కుకునే వ్యవధి ఉంటుంది. ముందుది జారితే ఉండదు. ఉండవల్లి దాటాక ఒక మలుపులో రోడ్డు మీద రాలిన ఇసుకలోకి నా ముందు టైరు వెళ్లింది. సన్నది, గాలి రాయిలా కొట్టించాను. హ్యాండిల్ తిరిగిపోయిందని తెలిసేలోపే మోచేయి నేలకు తగిలింది. పైగా గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకే వస్తుంది. బండిని ఆపేది ఎక్కువగా ముందు టైరే.

కొనేటప్పుడు షాపులో ‘28 ఇంచులు’ అని మాత్రం అడగకు. టైరు పక్కన 37-622 అని ఉంటుంది చూడు. మొదటి అంకె వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. వెడల్పు మారినా ఆ 622 మారకూడదు. మన పాత పెద్ద సైకిళ్లకీ 28 అనే అంటారు, కానీ వాటిది 635. అది నీ రిమ్ము మీద వదులైపోతుంది, కూర్చోదు.

తర్వాత ఖాళీ. ఇది బాగా చూసుకో. టైరు ఎక్కించి గాలి నింపాక 6 ఎంఎం ఎలెన్ కీ, అదే బోల్టులు తిప్పే ఆరుపలకల కడ్డీ, తీసుకో. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు, టైరుకు మధ్య రెండు పక్కలా, పైన మడ్‌గార్డు కిందా అది తగలకుండా దూరాలి. చక్రం నెమ్మదిగా తిప్పుతూ చుట్టూ చూడు. ఎండాకాలంలో 3 ఎంఎం ఉన్నా నడిచిపోతుంది. వానాకాలంలో తుళ్లూరు వైపు దిగావంటే నల్లరేగడి టైరుకు పిండిలా అంటుకుని, మడ్‌గార్డులో గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. ముందు చక్రం అలా పట్టేస్తే మనిషి ఎగిరి పడాల్సిందే. చాలా సైకిళ్లకు వెనక ఫ్రేములో కంటే ముందు ఫోర్కులోనే చోటు ఎక్కువ. నీదీ అలాగే ఉంటుందనుకుంటున్నాను. 37 పట్టకపోతే పట్టుబట్టకు, రెండు వైపులా 32 వేసెయ్.

గాలి రెండింటికీ ఒకేలా కొట్టించకు. నీ బరువుకు ముందు 45, వెనక 60 పీఎస్ఐతో మొదలుపెట్టు. టైరు మీద రాసిన హద్దులు మాత్రం దాటకు. గుంటలో పడ్డప్పుడు రిమ్ము నేలకు కొట్టినట్టు అనిపిస్తే కొంచెం పెంచు. చేతులు జివ్వుమంటే తగ్గించు.

ట్యూబు మీద కూడా అంకెలుంటాయి. 32, 37 రెండూ ఆ హద్దుల్లో వచ్చేది కొంటే, బ్యాగులో ఒక్కటి ఉంచుకున్నా ఏ చక్రానికైనా పనికొస్తుంది. వెనక టైరే త్వరగా అరుగుతుంది. అరిగినదాన్ని ముందుకు మార్చమని ఎవరు చెప్పినా వినకు.

స్పీడోమీటర్ సెన్సార్ ముందు చక్రానికే ఉంది కదా, కొత్త టైరుతో లెక్క మారుతుంది. నేల మీద సుద్దతో గీత గీసి, నువ్వు ఎక్కి కూర్చుని చక్రం సరిగ్గా ఒక్క చుట్టు తిరిగేదాకా నడిపి కొలవాలి. పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. ఆదివారం పొద్దున్నే పంపు, టేపు తీసుకుని వస్తాను. అప్పటిదాకా పాత టైర్లే ఉంచు.

పెదనాన్న