ఉద్యోగం చేస్తూ రోజూ కంప్యూటర్ గేములు ఆడేవారికి అందులో ఏం దొరుకుతుంది?

ఉద్యోగమూ కుటుంబమూ ఉన్న నడివయసు మనిషికి రోజూ గేములు ఆడేందుకు తీరిక ఎలా చిక్కుతుంది, అంత సేపు కూర్చుంటే అతనికి దొరికేదేమిటి అని మీరు అడిగారు. నేను విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేస్తున్నాను. చాలా ఏళ్లుగా నేను ఆడుతున్నవన్నీ దాదాపు ఒకే కోవకు చెందినవి, అంటే జలాంతర్గాములను నడిపే సిమ్యులేటర్లు. కాబట్టి నా జవాబు అన్ని గేములకూ వర్తించదు. కానీ గేము అనగానే వేళ్ల వేగం, తుపాకుల మోత, హెడ్‌సెట్‌లో తిట్లు మాత్రమే గుర్తొచ్చేవారికి నా అనుభవం కొంత వింతగా ఉండవచ్చు. నేను ఆడే సమయంలో ఎక్కువ భాగం ఎదురుచూడటంలో గడుస్తుంది, మిగిలినదానిలో చాలా భాగం లెక్కలు వేయడంలో గడుస్తుంది, నాకు కావలసిందీ అదే.

ఆన్‌లైన్ షూటింగ్ గేములు నేనూ కొంతకాలం ఆడాను. మ్యాచ్ ఒకసారి మొదలైతే అరగంటో ముప్పావుగంటో కుర్చీ వదలడానికి వీల్లేదు. మధ్యలో లేస్తే జట్టుకు నష్టం, పదేపదే లేస్తే గేమే కొంతసేపు లోపలికి రానివ్వదు. బి షిఫ్టు ముగించుకుని రాత్రి పదిన్నర దాటాక ఇల్లు చేరేవాడికి, ఇంట్లో ఎవరు పిలిచినా పలకవలసినవాడికి, ఈదురుగాలి వీస్తే కరెంటు ఉంటుందో పోతుందో తెలియని ఊరిలో ఉండేవాడికి అది కుదిరే వ్యవహారం కాదు.

నేను ఎక్కువగా ఆడేది 2005లో వచ్చిన సైలెంట్ హంటర్ 3. అందులో మనం రెండో ప్రపంచ యుద్ధంలో ఒక యూ-బోటుకు, అంటే జర్మన్ జలాంతర్గామికి, కెప్టెన్. రేవు నుంచి బయలుదేరి, మ్యాపులో మనకు కేటాయించిన చదరానికి వెళ్లి, అక్కడ గస్తీ తిరిగి, ఓడలు కనబడితే వెంటాడి, ఇంధనం గానీ, టార్పెడోలు (నీటిలో దూసుకుపోయి ఓడను పేల్చే ఆయుధాలు) గానీ అయిపోయాక తిరిగి రావాలి. సముద్రం నిజమైన కొలతల్లోనే ఉంటుంది కాబట్టి ప్రయాణానికే రోజులు పడుతుంది. అందుకని గేములో కాలాన్ని 1024 రెట్ల వరకు వేగంగా నడిపే వీలు ఇచ్చారు. ఆ వేగంలో ఒక రోజు ప్రయాణం ఒకటిన్నర నిమిషంలోపే అయిపోతుంది. దూరాన పొగ కనబడిందని కాపలావాడు కేక వేయగానే కాలం మళ్లీ మామూలు నడకకు వస్తుంది. మా మేనమామ నేవల్ డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన మనిషి, ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు నా వెనక కూర్చుని చాలాసేపు చూసి, “ఏట్రా అల్లుడూ, ఇందాకట్నుంచీ సముద్రమే చూపిస్తన్నావు, ఇందులో ఆటేదిరా?” అన్నారు. ఆయన అడిగినదానికి సరైన సమాధానం ఓడ కనబడ్డాకే చెప్పగలం.

ఓడ కనబడగానే కాల్చేయడానికి వీలుండదు. ఆ కాలపు జలాంతర్గామి నిజానికి నీటిపైనే ఎక్కువగా తిరిగే పడవ. అవసరమైనప్పుడు మాత్రమే మునుగుతుంది. టైప్ 7సి అనే రకం నీటిపై డీజిల్ ఇంజన్లతో సుమారు 17 నాట్ల (నాట్ అంటే ఓడల వేగాన్ని కొలిచే ప్రమాణం) వేగంతో పోగలదు కానీ, మునిగాక బ్యాటరీల మీద 7 నాట్లు దాటడమే కష్టం, అది కూడా కాసేపే. సరుకు నౌకల గుంపు 8 నాట్లతో పోతున్నదనుకుంటే, మునిగి ఉన్నవాడు దాన్ని ఎన్నటికీ అందుకోలేడు. అందువల్ల ఓడల కంటికి కనిపించనంత దూరంలో, వాటి పొగ మాత్రం మనకు కనబడేలా, నీటిపైన చుట్టుదారిలో వాటిని దాటిపోయి, అవి రాబోయే దారిలో ముందుగా మునిగి మాటువేయాలి. గేములో ఇలా దాటిపోవడానికే గంటలు పడుతుంది, ఈలోగా గుంపు దారి మార్చితే పడిన శ్రమ వృథా. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. టార్పెడో పేలడం దీనితో పోలిస్తే చిన్న సంగతి.

మాటువేశాక లెక్కలు మొదలవుతాయి. గురిపెట్టే పనిని గేముకే వదిలేసే సౌకర్యం ఉంది, కొత్తవారికి అది మంచిదే. దాన్ని తీసేస్తే మాత్రం మూడు విషయాలు మనమే తేల్చుకోవాలి: ఓడ ఎంత దూరంలో ఉంది, మనవైపు ఏ కోణంలో తిరిగి ఉంది, ఎంత వేగంతో పోతోంది. దూరానికి ఓడల గుర్తింపు పుస్తకం తెరిచి ఆ ఓడ ఏ రకమో పోల్చుకోవాలి. దాని మాస్టు, అంటే ఓడ మీది నిలువు స్తంభం, ఎత్తు తెలిస్తే, మునిగి ఉండగా పైకి చూసే గొట్టమైన పెరిస్కోపులో నీటి అంచును మాస్టు కొనతో కలిపి దూరం రాబట్టవచ్చు. వేగానికి పాత ఆటగాళ్లందరికీ తెలిసిన ఒక సులువు ఉంది. ఓడ ఉన్న చోటును మ్యాపు మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి, సరిగ్గా 3 నిమిషాల 15 సెకన్ల తర్వాత మళ్లీ గుర్తుపెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య మీటర్లను వందతో భాగిస్తే వచ్చేది నాట్లలో వేగం. 700 మీటర్లు జరిగితే 7 నాట్లు అన్నమాట. ఇందులో మాయేమీ లేదు. ఒక నాట్ అంటే గంటకు 1852 మీటర్లు. గంటకు 3600 సెకన్లు, మనం చూసింది 195 సెకన్లు. హెచ్చించి భాగిస్తే 100 మీటర్ల పైన కాస్త వస్తుంది. ఈ లెక్క ఎందుకు పనిచేస్తుందో మొదటిసారి కాగితం మీద వేసి చూసుకున్నప్పుడు కలిగిన సంతోషం నాకు ఏ షూటింగ్ గేములోనూ కలగలేదు.

ఈ కొలతల్లో ఎంత తేడా వస్తే గురి తప్పుతుందో కూడా లెక్కగట్టవచ్చు. విద్యుత్తుతో నడిచే జర్మన్ టార్పెడో వేగం 30 నాట్లు, అంటే సెకనుకు 15 మీటర్ల పైచిలుకు. కిలోమీటరు దూరం పోవడానికి దానికి దాదాపు 65 సెకన్లు పడుతుంది. ఈలోగా 7 నాట్ల ఓడ 235 మీటర్లు ముందుకు పోతుంది కనుక అంత ముందుకు గురిపెట్టాలి. వేగం అంచనాలో 2 నాట్ల తేడా ఉంటే ఓడ మనం అనుకున్న చోటికి 65 మీటర్లకు పైగా అటో ఇటో ఉంటుంది. 120 మీటర్ల సరుకు నౌక నడుముకు గురిపెట్టిన టార్పెడో దాని అంచు తప్పి పోవడానికి అంత చాలు. పైగా అన్నీ సరిగ్గా లెక్కగట్టినా పేలని టార్పెడోలు ఉంటాయి. యుద్ధం మొదట్లో, ముఖ్యంగా 1940 నార్వే పోరులో, జర్మన్ టార్పెడోలు నిజంగానే పెద్దయెత్తున విఫలమయ్యాయి. కావాలంటే ఆ బాధను కూడా సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు. నేను పెట్టుకుంటాను. మా ఇంట్లో వాళ్లకు ఇది ఎప్పటికీ అర్థం కాని సంగతి.

ఇక ఇంటి సంగతి. ఈ గేమును ఏ క్షణాన అయినా ఆపి లేవవచ్చు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. సేవ్ చేయడంలో మాత్రం ఒక పట్టింపు ఉంది. నీటి అడుగున ఉన్నప్పుడూ, వేరే ఓడలు దగ్గరలో ఉన్నప్పుడూ సేవ్ చేస్తే తిరిగి తెరిచాక గేము తేడాగా నడుస్తుంది, అందుకే పైకి వచ్చి ఖాళీ సముద్రంలో సేవ్ చేయడం అలవాటు చేసుకున్నాను. సి షిఫ్టు వారంలో పగలు నిద్ర, సాయంత్రం ఇంటి పనులు పోను దొరికేది తక్కువ. ఆ వారం ప్రయాణాలతో సరిపెట్టుకుంటాను, వేట జోలికి పోను. గేములో సిబ్బందికి అలసట లెక్క ఉంటుంది, కాపలా మార్చకపోతే వాళ్లు పనికిరాకుండా పోతారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషికి ఆ లెక్కను వేరే వివరించనక్కర్లేదు.

విశాఖలో ఉండి ఈ ఆట ఆడటంలో ఒక ప్రత్యేకత ఉంది. ఆర్.కె. బీచ్ ఒడ్డున ఉన్న కురుసుర గురించి చెప్పకుండా ఈ సమాధానం పూర్తికాదు. అది సోవియట్ యూనియన్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతి డీజిల్ జలాంతర్గామి. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియమై నిలిచింది. మామూలుగా చూసేవాళ్లు పదిహేను నిమిషాల్లో ఒక తలుపులో ఎక్కి ఇంకో తలుపులో దిగిపోతారు. సిమ్యులేటర్ ఆడేవాడు మాత్రం ముందు భాగంలోని ఆరు టార్పెడో గొట్టాల దగ్గరే నిలబడిపోతాడు, వెనకవాళ్లు “కొంచెం జరగండి బాబూ” అనేదాకా. కురుసుర పొడవు 91 మీటర్లు; నేను గేములో నడిపేది 67 మీటర్లది. అంటే లోపల మనకు ఇరుకుగా అనిపించే కురుసుర కన్నా అది ఇంకా చిన్నది, అందులో నలభైమందికి పైగా వారాల తరబడి ఉండేవారు. ఒక గది నుంచి ఇంకో గదికి పోవడానికి గుండ్రటి కన్నంలోంచి తలా కాలూ వంచి దూరాలని తెరమీద చూస్తే తెలియదు. గేములో ఒక మీట నొక్కితే చాలు. అక్కడ గైడ్లుగా ఉండేది రిటైరైన నౌకాదళం వాళ్లే కనుక బ్యాటరీల గురించో, శబ్దం చేయకుండా నడవడం గురించో నిజమైన ప్రశ్న అడిగితే ఎంతో ఓపికగా చెబుతారు. రద్దీ లేని రోజు వెళ్లడం మంచిది.

ఫాక్స్‌ట్రాట్ జలాంతర్గాములు 2017లో వచ్చిన కోల్డ్ వాటర్స్ గేములోనూ ఉన్నాయి. అందులో మనం అమెరికన్ అణు జలాంతర్గామి నడుపుతాం, అవి ఎదుటిపక్షం. మన ఊరి బీచిలో పిల్లల్ని ఎక్కించి ఫోటోలు తీసిన పడవ రకం మీదికి టార్పెడో వదలడం నాకు ఎందుకో రుచించలేదు. ఆ గేము మానేయడానికి అదొక్కటే కారణం కాకపోయినా, అదీ ఒక కారణమే.

జర్మన్ల పక్షాన ఆడటం గురించి కూడా చెప్పాలి. ఆ యుద్ధంలో బ్రిటిష్ వాణిజ్య నౌకల మీద మన దేశపు నావికులు, లస్కర్లు, వేల సంఖ్యలో పనిచేశారు, చాలామంది టార్పెడో దెబ్బలకే పోయారు. ఈ ఊరికీ ఆ యుద్ధం దూరంగా లేదు: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి, అదే రోజుల్లో బంగాళాఖాతంలో ఎన్నో సరుకు ఓడలు మునిగాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందీ ఈ తీరంలోనే. గేములో మునిగే ఓడలో మనుషులెవరూ కనబడరు, ముంచిన ఓడల టన్నుల లెక్క ఒక్కటే పెరుగుతుంది. నాకు గేము మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. చరిత్ర తెలుసుకోవడానికి గేము ఒక దారి చూపుతుందనే మాట నిజమే, కానీ చూపించనిది ఏమిటో ఆడేవాడే వెతుక్కోవాలి.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సైలెంట్ హంటర్ 3కి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు, ఇవాళ్టి మామూలు కంప్యూటర్ మీద హాయిగా నడుస్తుంది. సముద్రం దగ్గర ఇల్లు కలవారు మాత్రం ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకోవాలి. కేబినెట్ మరలు తుప్పుపడతాయి, ఫ్యాన్లకు తేమతో కూడిన దుమ్ము అంటుకుని బ్లోయర్‌కు కూడా ఒక పట్టాన వదలదు. అప్పుడప్పుడూ మూత తీసి మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి, కంప్యూటర్‌ను కిటికీ పక్కన పెట్టకూడదు. యూపీఎస్ తప్పనిసరి, ఇంటి ఇన్వర్టర్ కరెంటు పోయిన క్షణంలో అందుకోవడంలో కాస్త ఆలస్యమైనా కంప్యూటర్ రీస్టార్టవుతుంది. నేను స్పీకర్ల కన్నా మంచి హెడ్‌ఫోన్‌కు ఎక్కువ డబ్బు పెట్టాను, ఎందుకంటే ఈ ఆటలో సగం చెవులతో ఆడేదే. మునిగాక హైడ్రోఫోన్ (నీటిలోని శబ్దాలు వినే పరికరం) చక్రం తిప్పుతూ వింటే సరుకు ఓడ చప్పుడు నెమ్మదిగా, బరువుగా, యుద్ధనౌక చప్పుడు వడివడిగా వినిపిస్తుంది. ఇంట్లో అందరూ నిద్రపోయాక ఆడేవాడికి ఇంకో లాభం కూడా ఉందని వేరే చెప్పాలా.

మీరు మొదలుపెట్టాలనుకుంటే సైలెంట్ హంటర్ 3 పాత డిస్కు ఎవరిస్తానన్నా తీసుకోవద్దు. దానిలోని కాపీ రక్షణ సాఫ్ట్‌వేర్ ఇప్పటి విండోస్‌లో పనిచేయదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో దొరికే కాపీ కొనుక్కోండి. కెప్టెన్ లెక్కలకన్నా సిబ్బంది తిండీ నిద్రా చూసుకోవడం మీకు ఇష్టమైతే, కంప్యూటర్ కొత్తదైతే, యూబోట్ అనే గేము మేలు. మొదటి కొన్ని గస్తీల్లో గురి లెక్కను గేముకే వదిలేసి, సముద్రంలో తిరగడం, దాటిపోయి మాటువేయడం నేర్చుకోండి. తర్వాత దాన్ని తీసేసి, కాపలా నౌకలు లేని ఒంటరి సరుకు ఓడ దొరికినప్పుడు 3 నిమిషాల 15 సెకన్ల లెక్క వేసి చూడండి. స్టాప్‌వాచీ గేములోనే ఉంటుంది, రఫ్ నోటుబుక్కు మాత్రం మీరు తెచ్చుకోవాలి.