నోరు తెరిచి ఉన్న మనిషికి ధర చెప్పకండి

ప్రశ్న: నేను పంటి డాక్టర్ని. సొంత క్లినిక్ పెట్టి ఆరేళ్లయింది. నొప్పితో వచ్చినవాళ్లు రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్ చేయించుకుని, నొప్పి తగ్గగానే కనిపించడం మానేస్తున్నారు. మొత్తం ఖర్చు చెబితే ‘ఇంట్లో అడిగి వస్తాం’ అని వెళ్లేవాళ్లలో తిరిగి వచ్చేది కొద్దిమందే. అందుకని వాయిదాల్లో కట్టమనడం మొదలుపెట్టాను. ఇప్పుడు క్లినిక్ నిండుగా ఉంది, బాకీల పుస్తకం ఇంకా నిండుగా ఉంది, జీతాల రోజున మాత్రం వెతుక్కోవాల్సి వస్తోంది. ఒక ఫైనాన్స్ సంస్థ వాళ్లు ‘పేషెంటుకు వడ్డీ ఉండదు, మీకు డబ్బు ఒకేసారి వస్తుంది’ అంటున్నారు. ఒప్పుకోవచ్చా? పాత బాకీలను ఏం చేయమంటారు?

జవాబు: డాక్టర్ గారూ, ఊరన్నాక అప్పిచ్చేవాడూ ఉండాలి, వైద్యుడూ ఉండాలి అన్నారు పెద్దలు. ఆ ఇద్దరూ ఒకరే అయి ఉండాలని మాత్రం అనలేదు. మీరు మంచి మనసుతోనే వాయిదాలు మొదలుపెట్టారు. కానీ వడ్డీ లేకుండా, పత్రం లేకుండా, పెట్టుబడి ఎంత కావాలో లెక్క వేసుకోకుండా అప్పుల వ్యాపారంలోకి దిగారు. క్లినిక్ నిండుగా ఉండి గల్లాపెట్టె ఖాళీగా ఉండడానికి కారణం అదే.

లెక్క ఒకసారి చూడండి. మీ నెల రాబడి 100 అనుకుందాం. అందులో 40కి సరిపడా పనిని ఆరు సమాన వాయిదాలకు ఇచ్చారు, మొదటి వాయిదా వచ్చే నెల నుంచి. ఒక్కరూ ఎగ్గొట్టలేదు, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. అయినా ఆరో నెలాఖరుకు మీకు బయటి నుంచి రావలసింది 140కి చేరుతుంది. పద్ధతి ఇలాగే సాగితే ఆ తర్వాత కూడా అది తగ్గదు. పాత వాయిదాలు వస్తూ ఉంటాయి, వాటి స్థానంలో కొత్త బాకీలు చేరుతూ ఉంటాయి. అంటే దాదాపు నెలన్నర రాబడి శాశ్వతంగా జనం దగ్గరే ఉండిపోతుంది. ఇంటి అద్దె, ల్యాబ్ బిల్లు, సహాయకుల జీతాలు ఆరు నెలలు ఆగవు కదా.

అదే 40కి మూడో వంతు ముందుగా తీసుకుని, మిగతాది మూడు నెలల్లో కట్టమనండి. బయట చిక్కుకునే సొమ్ము 53కి దిగుతుంది. వాయిదాలు ఇవ్వడం తప్పు కాదు, ఎన్ని నెలలకు ఇస్తున్నాం, ముందు ఎంత తీసుకుంటున్నాం అన్నదే మీ మెడకు చుట్టుకుంటున్న విషయం.

ఇక ఎగవేత సంగతి. ల్యాబ్, మందులు, అద్దె, జీతాలు అన్నీ పోగా 100కి 25 మిగులుతుందనుకుంటే, ఒక పేషెంటు మొత్తం ఎగ్గొట్టినప్పుడు పోయిన 75ను పూడ్చడానికి బుద్ధిగా కట్టిన మరో ముగ్గురి లాభం కావాలి. మొహమాటం గురించి మన భాషలో ఒక సామెత ఉంది. అది ఇక్కడ రాయదగింది కాదు గానీ మీకు తెలిసే ఉంటుంది.

అయితే మీ ప్రశ్నలో అసలు బాధ ఇది కాదని నాకనిపిస్తోంది. జనం చికిత్స మధ్యలో వదిలి ఎందుకు వెళ్లిపోతున్నారు? డబ్బు లేక అని మీరు అనుకుంటున్నారు. కొందరి విషయంలో అది నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది. చాలా దేశాల్లో పంటి వైద్యానికి జేబులోంచే కట్టాలి. కానీ నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో నేను గమనించింది వేరు. వాళ్లను భయపెట్టేది మొత్తం ఎంత అన్నది కాదు, ఎప్పుడు ఎంత అడుగుతారో తెలియకపోవడం. ఫోను కొనడానికి వాయిదాలు కట్టే మనిషే పంటికి వెనకాడతాడు. ఎందుకంటే ఫోను ధర ముందే తెలుసు. పంటి దగ్గరికి వచ్చేసరికి ‘చూద్దాం, లోపల ఎలా ఉందో’ అంటారు.

ఆ మాట వైద్యంలో నిజమే, నాకు తెలుసు. కానీ అది ఎక్కడ చెబుతున్నారో గమనించండి. పేషెంటు కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉంటాడు. దవడ సగం మొద్దుబారింది, నోట్లో దూది, పెదవి పక్కన నీళ్లు లాగే గొట్టం. మొహం మీద దీపం. మీరు చేతి తొడుగులతోనే ‘దీనికి క్యాప్ కూడా పడుతుందండీ, పక్కది కూడా పుచ్చింది’ అని మొత్తం చెబుతారు. ఆయన ‘ఆఁ’ అంటాడు. అది ఒప్పుకోలు కాదు, ఆ స్థితిలో ఆయన పలకగలిగిన అక్షరం అదొక్కటే. ఇంటికెళ్లాక ఆలోచించుకుంటాడు, తర్వాత రాడు.

డబ్బు మాట కుర్చీ దగ్గర ఎత్తకండి. నొప్పి తగ్గించి, కూర్చోబెట్టి, బల్లకు అటూ ఇటూ మనుషుల్లా మాట్లాడండి. మీకు అది ఇబ్బందిగా ఉంటే రిసెప్షన్‌లో ఉన్నవారికి నేర్పించండి. ఒక కాగితం చేతికివ్వండి. అందులో మూడు భాగాలు చాలు: ఇప్పుడే చేయకపోతే పన్ను పోయేది, కొన్ని నెలలు ఆగగలిగేది, అందం కోసం చేసేది. ప్రతి దాని పక్కన ఖర్చు. లోపల చూశాక మారవచ్చు అనుకుంటే ఇంత నుంచి ఇంత వరకు అని రెండు అంకెలు రాయండి. పై అంకె దాటితే మళ్లీ అడిగి గానీ చేయం అని కింద రాసి సంతకం పెట్టండి. ఆ ఒక్క వాక్యం ఏ తగ్గింపు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

వాయిదా వేస్తే ఏమవుతుందో కూడా డబ్బు భాషలో చెప్పండి. పిప్పి పై పొరలో ఉన్నప్పుడు ఫిల్లింగ్‌తో పోతుంది. నరం దాకా వెళితే రూట్ కెనాల్, దాని మీద క్యాప్. ఆ తర్వాత పీకడం, ఖాళీలో ఇంప్లాంటో (ఎముకలో బిగించే కృత్రిమ వేరు), బ్రిడ్జో (పక్క పళ్ల ఆసరాతో నిలిపే కట్టుడు పన్ను). ఒక్కో మెట్టు దిగేకొద్దీ బిల్లు ఎక్కుతుంది. ఇది బెదిరింపులా వినిపించకుండా చెప్పడం మీ చేతిలో ఉంది. నా సంగతే చెబుతాను. ఊరందరికీ బడ్జెట్లు వేసిచ్చే నేను, రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకు క్యాప్ వేయించడం ‘వచ్చే నెల, వచ్చే నెల’ అని ఎనిమిది నెలలు జరిపాను. నొప్పి లేదు కదా! ఒక రాత్రి భోజనంలో టక్కుమంది. పన్ను నిలువునా చీలింది. మిగిల్చిన దానికి ఎన్నో రెట్లు ఇంప్లాంటుకు కట్టాను. లోపల డొల్లయిన దవడ పన్ను క్యాప్ లేకపోతే చీలిపోతుందని ఆ డాక్టరు చెప్పే ఉంటారు. బహుశా నేను నోరు తెరిచి పడుకున్నప్పుడు.

ఇప్పుడు వాయిదాలు. నేను పాటించమనేది ఒకటే సూత్రం: డబ్బు పనితో పాటు నడవాలి, పని వెనక పరిగెత్తకూడదు. పంటి వైద్యానికి ఒక సౌకర్యం ఉంది, చాలా చికిత్సలు వాటంతట అవే దశలుగా విడిపోతాయి. ఇంప్లాంటు పెట్టాక ఎముక దాన్ని పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ప్రకృతే ఇచ్చిన గడువు అది. మొదటి రోజు కొంత, ఆ నెలల్లో చిన్న చిన్న మొత్తాలు, పైన పన్ను బిగించే రోజుకి లెక్క పూర్తి. క్లిప్పులు వేయించుకునేవాళ్లు ఏడాదిన్నర, రెండేళ్లపాటు కొన్ని వారాలకోసారి ఎలాగూ వస్తారు. వచ్చినప్పుడల్లా కడతారు. మీ సొంత వాయిదాలకు ఇంతకంటే అనువైన చికిత్స లేదు.

క్యాప్, కట్టుడు పళ్లు అలా కాదు. రెండు వారాల్లో పని అయిపోతుంది, బిగించినదాన్ని బాకీ కోసం ఊడదీయలేరు, ఊడదీయకూడదు కూడా. కాబట్టి కొలత తీసుకునే రోజునే ల్యాబ్ ఖర్చు మొత్తం రావాలి. బిగించే రోజుకి మిగతాదంతా, లేదా ఒకటి రెండు నెలలకు మించని చిన్న శేషం. రూట్ కెనాల్‌కు మొదటి సిట్టింగ్‌లోనే సగం తీసుకోండి. ముందు కొంత కట్టిన మనిషి రెండోసారి వస్తాడు. నొప్పి పోయినా కట్టిన డబ్బు గుర్తుంటుంది.

ఒక హద్దు మాత్రం పెట్టుకోండి. వాపు, చీము, భరించలేని నొప్పితో వచ్చినవాళ్ల దగ్గర డబ్బు మాట తర్వాత. తెరిచిన పన్నును వాయిదా కట్టలేదని అలాగే వదిలేయకండి. కనీసం సురక్షితమైన స్థితికి తెచ్చి పంపండి. దానికయ్యే ఖర్చును నెలనెలా కొంత పక్కన పెట్టండి. ఎంత పెట్టగలరో ముందే అనుకుంటే మనసు కూడా నెమ్మదిగా ఉంటుంది.

ఫైనాన్స్ సంస్థ విషయం. ‘వడ్డీ లేదు’ అన్నచోట ఆ వడ్డీ ఎవరి జేబులోంచి పోతోందో వెతకాలి. మొదటిది మీ జేబు. 100 బిల్లుకు 8 కోసుకుని 92 మీకిస్తారనుకోండి, మీకు మిగిలే 25 కాస్తా 17 అవుతుంది. లాభంలో దాదాపు మూడో వంతు. రెండోది, మీరు ఆ 8ని ముందే ధరలో కలిపేస్తే పేషెంటు జేబు. అప్పుడు రొక్కం కట్టేవాళ్లు కూడా ఆ భారం మోస్తారు. మూడోది అన్నిటికంటే చెడ్డది: గడువులోగా పూర్తిగా తీరిస్తేనే వడ్డీ ఉండదు, చివర కొంచెం మిగిలినా మొదటి రోజు నుంచి లెక్కగట్టి వేస్తారు. అలాంటి షరతు ఉంటే ఆ కాగితం మీ బల్ల మీదికి రానివ్వకండి. తిట్లు సంస్థకు పడవు, మీకు పడతాయి.

వడ్డీ ఉన్న పథకమైతే, శాతం దేని మీద లెక్కిస్తున్నారో అడగండి. ఏడాదికి 12 శాతం అని చెప్పి, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేస్తే, నెలనెలా అసలు తీరుతున్నందున నిజంగా పడేది దాదాపు 21.5 శాతం. 12 అనే అంకె చూసి పేషెంటుకు సిఫార్సు చేసి తర్వాత నొచ్చుకున్న డాక్టర్లు నాకు తెలుసు.

అయినా పూర్తిగా వద్దనను. మీ బాకీల పుస్తకం తీసి గత ఏడాది వాయిదాలకు ఇచ్చిన మొత్తంలో ఎంత మునిగిందో లెక్క కట్టండి. 100కి 8 కన్నా ఎక్కువ మునుగుతుంటే సంస్థకు ఇచ్చే 8 చవకే. తక్కువైతే చిన్న బిల్లులు మీ దగ్గరే ఉంచుకుని, ఆరు నెలలు దాటే పెద్ద చికిత్సలకు మాత్రం వాళ్లను పిలవండి. సంతకానికి ముందు ఒక ప్రశ్న అడగండి: పేషెంటు కట్టడం మానేస్తే ఆ డబ్బు నన్ను అడుగుతారా? అడుగుతామంటే వాళ్లు కమీషన్ తీసుకుంటున్నారే గానీ నష్టం మోయడం లేదు.

ఒప్పుకుంటే ఇంకో జాగ్రత్త. రెండేళ్ల క్లిప్పుల డబ్బు మొదటి నెలలోనే మీ ఖాతాలో పడుతుంది. అది సంపాదన కాదు, చేయాల్సిన పని తాలూకు బాకీ. విడిగా ఒక ఖాతాలో వేసి, పని జరిగినంత మేర తీసుకోండి. పేషెంటు మధ్యలో మానేసినా, మీరు క్లినిక్ మార్చినా తిరిగి ఇవ్వాల్సింది అందులోంచే. కొత్త ఎక్స్‌రే యంత్రం కొనడానికి అది వాడుకోవాలనిపిస్తుంది. వద్దు. ఏడాదికింత కట్టి పరీక్షలు, శుభ్రం చేయించుకునే సభ్యత్వం పెడితే దానికీ ఇదే నియమం. బీమా ఉన్నవాళ్ల విషయంలో ఏడాది పరిమితి, వేచి ఉండాల్సిన కాలం ముందే కనుక్కుని, వీలున్న పనిని పాలసీ ఏడాదికి అటూ ఇటూ పంచితే సరిపోతుంది.

పాత బాకీలు. పుస్తకాన్ని మూడుగా విడదీయండి: కడుతూనే కాస్త వెనకబడినవాళ్లు, మాట కూడా లేనివాళ్లు, నిజంగా కట్టలేనివాళ్లు. మొదటివాళ్లకు కొత్త తేదీ, చిన్న మొత్తం రాసివ్వండి. మూడోవాళ్లకు రద్దు చేసి ఆ సంగతి వాళ్లకు చెప్పండి. చెప్పకుండా రద్దు చేస్తే ఏం లాభం? బాకీ ఉన్న మనిషి మీ వీధిలోకే రాడు, మిగిలిన పళ్లూ పాడు చేసుకుంటాడు. రెండోవాళ్లకు ఫోను చేసినప్పుడు బాకీతో మొదలుపెట్టకండి. ‘తాత్కాలికంగా పెట్టిన సిమెంటు ఇన్నాళ్లు ఉండదండీ, ఒకసారి చూపించుకోండి’ అనండి. లెక్క గురించి వాళ్లే అడుగుతారు. అడిగినప్పుడు చెప్పడానికి కాగితం సిద్ధంగా పెట్టుకోండి, ఈసారి బల్ల దగ్గర.