తెగిన టెండన్, లిగమెంట్ మానడానికి నానో పదార్థాలు ఎలా తోడ్పడతాయి?

టెండన్ కండరాన్ని ఎముకకు, లిగమెంట్ ఎముకను ఎముకకు కట్టి ఉంచుతాయి. రెండింటికీ రక్తప్రసరణ తక్కువ కాబట్టి తెగితే త్వరగా మానవు. మానినా అక్కడ ఏర్పడేది చిక్కుబడ్డ మచ్చ కణజాలమే, పాత బలం పూర్తిగా రాదు.

టెండన్‌లో కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఒకే దిశలో, పేనిన తాడులా ఉంటాయి. ఒక్కో పోగు మందం కొన్ని పదుల నుంచి కొన్ని వందల నానోమీటర్లు (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు). కిటుకంతా ఈ అమరికను అనుకరించడంలోనే ఉంది. పీసీఎల్, పీఎల్‌జీఏ లాంటి, ఒంట్లో మెల్లగా కరిగిపోయే పాలిమర్ల ద్రావణాన్ని వేల వోల్టుల విద్యుత్తుతో సన్నని సూదిలోంచి నానో దారాలుగా లాగుతారు. వేగంగా తిరిగే డ్రమ్ము మీద ఆ దారాలు వరుసగా చుట్టుకుంటాయి. ఇదే ఎలక్ట్రోస్పిన్నింగ్. ఈ పొరను గాయం దగ్గర పెడితే కణాలు దారాల వెంబడే సాగి, కొత్త కొలాజెన్‌నూ అదే దిశలో పేరుస్తాయి. ఎముకకు అతుక్కునే చోటు మరీ మొండిది. అక్కడ హైడ్రాక్సీఅపటైట్ నానో రేణువులు కలుపుతారు. ఎముకలో ఉండే ఖనిజం అదే కదా.

ఫలితాలు ఎక్కువగా ఎలుకలు, కుందేళ్ల మీద వచ్చినవే. మనుషుల విషయానికొస్తే, రొటేటర్ కఫ్ (భుజం కీలును పట్టి ఉంచే కండరాలు, టెండన్లు) సర్జరీలో వాడే రోటియం అనే నానోఫైబర్ పొరకు అమెరికాలో అనుమతి ఉంది. మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగితే మాత్రం, సర్జరీలో ఇప్పటికీ ఎక్కువగా రోగి సొంత టెండన్ ముక్కనే వాడుతున్నారు. నానో ఇంజెక్షన్‌తో అతికిస్తామని ఎవరైనా ప్రకటిస్తే డబ్బు కట్టేముందు ఆర్థోపెడిక్ సర్జన్‌ను అడగండి.