బాండ్ మీద సంతకం పెట్టే ముందు

నాయనా,

ట్రైనింగ్ ఇచ్చి క్లయింట్ దగ్గర పనిలో పెట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీలో సెలెక్ట్ అయ్యావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, సంతోషం. తిరుపతిలో బెంగళూరు బస్సు ఎక్కేలోపు ఇది చదువు, అట్లాంటి కంపెనీల్లోనే చాలా ఏళ్లు చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

ముందు వాళ్లకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కనుక్కో. నిజంగా ఉద్యోగం ఇచ్చే కంపెనీ అయితే కొన్ని నెలలు నేర్పించి, నిన్ను క్లయింట్ దగ్గరికి పంపి, నీ పనికి అక్కడ బిల్లు వేసుకుంటుంది, అందులో నీ జీతమూ ఖర్చులూ పోగా మిగిలేదే వాళ్ల లాభం. డిపాజిట్ అనో మెటీరియల్ అనో నిన్నే లక్ష అడిగారంటే అది కోచింగ్ సెంటరే, నువ్వు కట్టిన రోజే వాళ్ల సంపాదన అయిపోయింది. కోర్సు కావాలంటే ఫీజు కట్టి మన బాలాజీ కాలనీలోనే ఏదో ఒకటి చేసుకోవచ్చు కదా, బెంగళూరులో రూమ్ అద్దె ఎందుకు?

బాండ్ అంటే ఇన్నేళ్లు చేయకుండా మానేస్తే ఇంత డబ్బు కడతానని రాసిచ్చే కాగితం. దాని గురించి నీ ఫ్రెండ్స్ 'అదేం చెల్లదు లేరా' అంటారు, నమ్మొద్దు. మూడేళ్లు చేయకుండా మానేసిన ఆఫీసరు బాండ్ ప్రకారం కట్టిన 2 లక్షలు సబబేనని విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అట్లాగని ఎంత రాసుకుంటే అంతా వసూలు చేయలేరు, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు, కానీ అందాకా కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు? బాండ్ గడువు లెక్కేసేది నువ్వు ఉద్యోగంలో చేరిన రోజు నుంచా, క్లయింట్ దగ్గర పని మొదలైన రోజు నుంచా? బెంచ్ మీద, అంటే ఏ క్లయింట్ పనీ లేక ఖాళీగా ఉంటే జీతం ఎంత? వాళ్లే తీసేస్తే కూడా నువ్వు కట్టాలా? వీటికి జవాబులు మెయిల్‌లో తెప్పించుకో. హెచ్‌ఆర్ అమ్మాయి నోటి మాట చాలదు, పాపం ఆమె కూడా ఎన్నాళ్లుంటుందో!

సంతకం పెట్టిన ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వనే ఇవ్వకు. బాండ్ తగాదా సివిల్ కోర్టులో నడుస్తుంది, చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తెచ్చుకో.

రెజ్యూమెలో రెండేళ్ల అనుభవం కలపమంటే ఒప్పుకోవద్దు. పీఎఫ్ రికార్డులో చేరిన తేదీ ఉంటుంది, వెరిఫికేషన్‌లో దొరికేది నువ్వే.

జావా నేర్పి సపోర్ట్‌లో నైట్ షిఫ్ట్ వేస్తారు, అది మామూలే, అలగొద్దు. అక్కడ టికెట్లు, అంటే క్లయింట్ నుంచి వచ్చే కంప్లయింట్లు చూస్తూనే కోడ్ చదువుకో, క్లయింట్ టీమ్‌లో ఎవరో ఒకరికి నీ పేరు తెలిసేలా పని చెయ్, తర్వాత వాళ్లే తీసుకునే అవకాశం ఉంటుంది.

బాండ్ పీడీఎఫ్ మొత్తం నాకు వాట్సాప్ చెయ్, ఒక్క పేజీ ఫోటో తీసి పంపితే ఒప్పుకోను. ఆదివారంలోపు చదివి ఫోన్ చేస్తా, అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ పెదనాన్న