బీటెక్ ఫస్టియర్ నిజంగా లైటేనా?

జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలో చేరబోతున్నాను, సీనియర్లంతా "ఫస్టియర్ లైట్" అంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. నాదీ అదే యూనివర్సిటీ. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్), ఆర్22 రెగ్యులేషన్ (2022 నుంచి చేరిన బ్యాచ్‌ల పరీక్షల, మార్కుల నిబంధనలు), ఇప్పుడు ఫైనలియర్.

సగం నమ్మండి. ఎంపీసీ గట్టిగా చదివినవాళ్లకు ఫిజిక్స్, కెమిస్ట్రీ పెద్ద కష్టం కాదు. చిక్కంతా వేరే చోట ఉంది. ఇంటర్‌లో పొద్దుటి స్టడీ అవర్ నుంచి వీకెండ్ టెస్టు దాకా ఎవరో ఒకరు వెంటపడి చదివించారు. ఇక్కడ చదివావా అని అడిగే దిక్కుండదు. ఎంసెట్‌లో నాకంటే మంచి ర్యాంకు వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్ మ్యాథ్స్‌లో తప్పడం మా క్లాసులోనే చూశాను. మ్యాట్రిక్స్ ర్యాంకు, కేలీ హామిల్టన్ వాళ్లకు రాక కాదు, పరీక్షకు వారం ముందు ఆల్ ఇన్ వన్ గైడు తెరిస్తే సరిపోతుందనుకున్నారు.

మిడ్స్, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షల సంగతి చాలామందికి ఆలస్యంగా అర్థమవుతుంది. మాకు సబ్జెక్టుకు ఇంటర్నల్స్ (ఎక్కువగా ఈ మిడ్స్ మార్కులే) 40, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 60. ఇంటర్నల్స్‌లో 33 ఉంటే పరీక్షలో 37 తెచ్చుకున్నా మొత్తం 70, ఏ గ్రేడు. 18 ఉంటే అదే గ్రేడుకు 52 కావాలి. రెండు మిడ్‌ల సగటు తీస్తారు కాబట్టి మొదటిది పోతే రెండోది ఎంత బాగా రాసినా సగమే పూడుతుంది. మీ బ్యాచ్‌కి రెగ్యులేషన్ మారి ఉండొచ్చు, ఆ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి ఓసారి చదవండి. ఎవరూ చదవరు, అందుకే కారిడార్లలో పుకార్లు నడుస్తుంటాయి.

అటెండెన్స్ 75 శాతం ఉండాలి. 65 దాకా కారణం చూపించి కండోనేషన్ (మినహాయింపు) ఫీజు కడితే గట్టెక్కొచ్చు, అంతకన్నా తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. మాస్ బంక్ సరదాగానే ఉంటుంది, లెక్క మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

నన్నడిగితే ఫస్టియర్‌లో అన్నిటికన్నా విలువైనది సీ ప్రోగ్రామింగ్, ఏ బ్రాంచ్ అయినా సరే. ల్యాబ్‌లో సగం మంది పక్కవాడి రికార్డు చూసి రాసేస్తారు, వైవాలో (నోటి పరీక్షలో) పాయింటర్ అంటే నోరు తెరుస్తారు. నేను చేసిందొకటే: ప్రతి ప్రోగ్రామ్‌నీ ముందు కాగితం మీద రాసి, లూప్ తిరిగిన ప్రతిసారీ ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉందో పట్టిక వేసి, ఆ తర్వాతే టైప్ చేయడం. నెమ్మదిగా సాగుతుంది, విసుగొస్తుంది. కానీ మైక్రోకంట్రోలర్ల దగ్గరికొచ్చేసరికి అదే సీ మళ్లీ ఎదురైంది, ప్లేస్‌మెంట్ కోడింగ్ టెస్టుల్లోనూ పనికొచ్చింది.

ప్లేస్‌మెంట్ అంటే గుర్తొచ్చింది. చాలా కంపెనీలు 60 శాతం అడుగుతాయి, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) ఉండకూడదంటాయి. మన దగ్గర సీజీపీఏలోంచి (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు, 10కి) 0.5 తీసేసి 10తో గుణిస్తే శాతం వస్తుంది, అంటే 6.0 కాదు, 6.5 కావాలి.

ఎవరైనా సీనియర్ హద్దు దాటితే మొహమాటపడకండి, యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522.

ఇంకొకటి, చేరిన నెలకే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్లు క్లాసు గ్రూపుల్లోకి వస్తారు. కట్టకండి. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు.