గంటన్నరలో ముగిసే పాత వెస్టర్న్‌లు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుణ్ణి ఆశీర్వదించి మామయ్య రాస్తున్నది.

పాప నిద్రపోయాక నీకు దొరికేది గంటన్నర అనీ, ఆ కాస్త వ్యవధిలో పాత కౌబాయ్ సినిమాలు (వాటినే వెస్టర్న్‌లంటారు), సాహస చిత్రాలు చూడాలని ఉందనీ రాశావు. ఏది మొదలుపెట్టినా మూడు రాత్రులకు పంచుకుని చూడాల్సి వస్తోందనీ, ముగింపుకు వచ్చేసరికి మొదలు గుర్తుండటం లేదనీ బాధపడ్డావు. ముందు ఆ పంచుకుని చూడటం మానెయ్యి. రాత్రికి ఒకే సినిమా, మొదటి నుంచి చివరి దాకా, ఏకబిగిన చూడు. నిడివి తక్కువని నాణ్యంలో రాజీ పడాల్సిన పని లేదు. వెస్టర్న్‌లలో నేను మేలైనవని అనుకునేవి చాలావరకు 70 నుంచి 95 నిమిషాల లోపువే.

మనవాళ్ళలో చాలామందికి కౌబాయ్ అనగానే 1971లో కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్తొస్తుంది. దాని వెనక ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె తీసిన చిత్రాలు గుర్తొస్తాయి. అవి నాకూ ఇష్టమే. కానీ 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' రెండున్నర గంటలకు పైగా సాగుతుంది. వాటినే చూసి, వెస్టర్న్ అంటే తీరిక ఉన్నవాళ్ళు చూసేదని చాలామంది అనుకుంటారు. అవి వచ్చింది 1960లలో. అంతకు ముందే అమెరికాలో ఈ కథలు చిన్న నిడివిలో రూపు దిద్దుకున్నాయి. 1930ల నుంచి అక్కడి హాళ్ళలో ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు వేసేవారు. రెండోది గంట, గంటంబావులో ముగియాలి. ఆ హద్దులో పనిచేసిన దర్శకులకు, రచయితలకు అక్కర్లేనిది తీసిపారేసే క్రమశిక్షణ అలవడింది. మన సినిమా విరామాన్ని దృష్టిలో పెట్టుకుని కథను రెండు భాగాలుగా అల్లుతుంది కనుక మధ్యలో ఆగినా ఒక మజిలీ ఉంటుంది. ఈ చిత్రాలకు విరామం లేదు. ఎక్కడ ఆపినా బిగువు పోతుంది.

మొదట 'హై నూన్' చూడు. 1952 నాటిది, ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకత్వం, 85 నిమిషాలు. ఆదివారం ఉదయం పెళ్ళి చేసుకుని, ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ ఉద్యోగం వదిలి ఊరు విడిచి వెళ్ళబోతున్న విల్ కేన్‌కు ఒక కబురు అందుతుంది. తాను జైలుకు పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైల్లో వస్తున్నాడు. స్టేషన్లో ముగ్గురు అనుచరులు అతని కోసం కాచుకుని ఉన్నారు. తెర మీద గడిచే కాలం, నువ్వు కుర్చీలో కూర్చునే కాలం దాదాపు ఒకటే. గోడ గడియారాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటాయి. కేన్ గడప గడపకూ వెళ్ళి సాయం అడుగుతాడు. జడ్జి సామాను సర్దుకుంటాడు. ఒక స్నేహితుడు ఇంట్లోనే ఉండి, లేనని భార్యచేత చెప్పిస్తాడు. చర్చిలో జనం గట్టిగా చర్చించి, చివరికి నువ్వు వెళ్ళిపోవడమే ఊరికి మంచిదని తేలుస్తారు. ఆ చర్చి సన్నివేశాన్ని మనసు పెట్టి చూడు. అక్కడ దుర్మార్గులెవరూ లేరు. ప్రతివారి దగ్గరా చెప్పుకోదగిన కారణమే ఉంది. నాకు మిల్లర్ తుపాకీ కంటే ఆ కారణాలే ఎక్కువ భయం పుట్టిస్తాయి.

సినిమా తయారవుతున్న రోజుల్లోనే రచయిత కార్ల్ ఫోర్‌మన్‌ను అమెరికా ప్రతినిధుల సభకు చెందిన సంఘం కమ్యూనిస్టు సంబంధాల మీద విచారణకు పిలిచింది. ఆ తర్వాత ఆయన ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. ఇది తెలిసి చూస్తే, తలుపులు ఎందుకు అన్ని మూసుకుంటున్నాయో ఇంకాస్త లోతుగా తెలుస్తుంది. ఒక షాట్ మాత్రం కనురెప్ప వేయకుండా చూడు. చివరి పోరాటానికి ముందు నిర్మానుష్యమైన వీధిలో కేన్ వేషం వేసిన గ్యారీ కూపర్ నిలబడి ఉంటాడు, కెమెరా అతన్ని వదిలి పైపైకి లేస్తుంది. ఆ ఊళ్ళో అతనికి ఎవరూ లేరని చెప్పడానికి ఒక్క మాట కూడా అవసరం రాలేదు. స్టేషన్లో కాచుకున్న ముగ్గురిలో ఒక్క సంభాషణా లేనివాణ్ణి గుర్తుపట్టు. అతడే లీ వాన్ క్లీఫ్, తర్వాత లియోనె సినిమాలతో మనకు బాగా పరిచయమైన ముఖం.

చట్టాన్ని కాపాడేవాడు ఊరందరినీ సాయం అర్థించడం హోవర్డ్ హాక్స్ అనే దర్శకుడికి నచ్చలేదు. దానికి జవాబుగా ఆయన 1959లో 'రియో బ్రావో' తీశాడు. 141 నిమిషాలు. ఎంతో హాయిగా సాగే సినిమా. దాన్ని పండగ సెలవులకు అట్టిపెట్టుకో.

రెండోది బడ్ బెటికర్ దర్శకత్వంలో ర్యాండాల్ఫ్ స్కాట్ నటించిన చిత్రాల్లో ఒకటి కావాలి. నీకున్న సమయానికి ఇంతకంటే సరిపోయేవి నాకు తెలియవు. 'సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ' (1956), 'ది టాల్ టీ' (1957) 78 నిమిషాల చొప్పున, 'రైడ్ లోన్‌సమ్' (1959) 73, 'కమాంచీ స్టేషన్' (1960) 74. నాలుగింటికీ రచయిత బర్ట్ కెనెడీ. నాలుగూ కాలిఫోర్నియాలోని లోన్ పైన్ దగ్గర, అలబామా హిల్స్ బండల మధ్య తీసినవే. (1939లో 'గంగా దిన్' కోసం అవే బండల్ని ఆనాటి మన వాయవ్య సరిహద్దు కొండలుగా చూపించారు. అది రెండు గంటలకు దగ్గరగా ఉంటుంది కనుక నీ జాబితాలో చేర్చలేదు.)

వీటిలో 'ది టాల్ టీ'తో మొదలుపెట్టు. కథానాయకుడు పందెంలో గుర్రాన్ని పోగొట్టుకుని, జీను భుజాన వేసుకుని నడిచివస్తుంటాడు. దారిలో వచ్చిన గుర్రపుబండి ఎక్కుతాడు. టపా బండి అనుకుని ముగ్గురు దొంగలు దాన్ని అడ్డగిస్తారు. అప్పటిదాకా సరదాగా నడిచిన కథ ఒక్కసారిగా గడ్డకట్టిపోతుంది. రిచర్డ్ బూన్ వేసిన ముఠా నాయకుడి పాత్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. తన వెంట ఉన్న కుర్రవాళ్ళంటే అతనికి ఏవగింపు. తాను బందీగా పట్టుకున్న మనిషితోనే రెండు మంచి మాటలు మాట్లాడుకోవాలని ఉంటుంది. నాకూ కొంత భూమి, కొన్ని పశువులు ఉంటే బాగుండునని ఆశపడతాడు. బెటికర్ సినిమాల్లో నాయకుడికీ ప్రతినాయకుడికీ మధ్య గోడ సన్నగా ఉంటుంది. అరవైకి చేరువైన స్కాట్ ముఖం మాత్రం ఏమీ ఒలకబోయదు. ఆ మౌనాన్ని ఓపిగ్గా చూడు. అది నచ్చితే మర్నాడే 'రైడ్ లోన్‌సమ్' పెట్టుకో. అందులో వాన్ క్లీఫ్ మళ్ళీ కనిపిస్తాడు, ఈసారి మాటలున్నాయి. ముగింపులో ఒక చెట్టు ఉంది. ఇంతకు మించి చెప్పను.

'త్రీ టెన్ టు యూమా' అనే పేరుతో రెండు సినిమాలున్నాయి. 2007 నాటి రంగుల చిత్రం కాకుండా డెల్మర్ డేవ్స్ తీసిన 1957 నాటి నలుపు తెలుపు చిత్రం చూడు. మొదటిది 92 నిమిషాలు, కొత్తది రెండు గంటలు దాటుతుంది. కరువుతో అప్పులపాలైన రైతు 200 డాలర్ల కోసం బందిపోటును రైలెక్కించడానికి ఒప్పుకుంటాడు. ఆ రైలు వచ్చేదాకా ఇద్దరూ హోటలు గదిలో కూర్చుని ఉండాలి. బందిపోటుగా వేసిన గ్లెన్ ఫోర్డ్ తుపాకీ లేకుండా, ఊరికే తియ్యగా మాట్లాడుతూ రైతు మనసును తొలుస్తుంటాడు. పొలం, అప్పు, ఇంట్లో భార్యాపిల్లల ముందు నిలవాల్సిన పరువు తెలిసిన మనలాంటి ఇళ్ళవాళ్ళకు ఈ కథ ఎంత దగ్గరిదో చూస్తే నీకే తెలుస్తుంది.

'ది ఆక్స్-బో ఇన్సిడెంట్' (1943) 75 నిమిషాలే. దాన్ని అలసిపోయిన రాత్రి మాత్రం పెట్టుకోకు. పశువుల దొంగతనం, హత్య జరిగాయన్న పుకారుతో ఊరి మగవాళ్ళు గుంపుగా బయలుదేరి, దారిలో దొరికిన ముగ్గుర్ని విచారణ లేకుండా ఉరితీయడానికి సిద్ధపడతారు. విలియం వెల్‌మన్ దీన్ని చాలావరకు స్టూడియో సెట్టులోనే తీశాడు. ఆ ఇరుకు కథకు కలిసొచ్చింది. హెన్రీ ఫోండా ఒక ఉత్తరం చదివే సన్నివేశంలో అతని కళ్ళు పక్కవాడి టోపీ అంచు వెనక మరుగున పడతాయి, మనకు పెదవులే కనిపిస్తాయి. ఇవాళ మన ఊళ్ళలో కూడా ఫోనులో వచ్చిన వదంతిని నమ్మి జనం మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు విన్నాం. అందుకే ఈ సినిమా నువ్వు తప్పకుండా చూడాలని గట్టిగా చెబుతున్నాను.

ఆధునిక కాలంలో నడిచే వెస్టర్న్ కావాలంటే 'బ్యాడ్ డే ఎట్ బ్లాక్ రాక్' (1955), 81 నిమిషాలు. నాలుగేళ్ళుగా రైలు ఆగని ఊళ్ళో ఒక్కచెయ్యి పనిచేసే మనిషి దిగి, ఒక జపాన్ రైతు ఏమయ్యాడని అడుగుతాడు. స్పెన్సర్ ట్రేసీ కోసమైనా చూడు.

జాన్ ఫోర్డ్ 'స్టేజ్‌కోచ్' (1939) 96 నిమిషాలు, నీ గంటన్నర కంటే ఆరు నిమిషాలు ఎక్కువ. అయినా చూడదగ్గది. బండిలో కూర్చున్న అపరిచితుల మధ్య ఎవరు మర్యాదస్తులో, ఎవరు కారో ప్రయాణం సాగేకొద్దీ తారుమారవుతుంది. కానీ అపాచీలనే అమెరికా ఆదివాసులను అందులో ముఖం, మాట లేని ప్రమాదంగానే చూపించారు. సినిమా తీసిన మాన్యుమెంట్ వ్యాలీ నవాహో అనే మరో ఆదివాసీ ప్రజల నేల, అపాచీలుగా వేషం కట్టింది కూడా వాళ్ళే. ఆ రోజుల వెస్టర్న్‌లలో ఈ అన్యాయం విస్తారంగా ఉంది. కళను మెచ్చుకుంటూనే దాన్ని గమనించు.

సాహస చిత్రాల్లో అన్నిటికంటే చిన్నది 'ది మోస్ట్ డేంజరస్ గేమ్' (1932), 63 నిమిషాలు. ఓడ మునిగి దీవికి కొట్టుకొచ్చినవాణ్ణి ఒక ప్రభువు వేటాడతాడు. ఇందులోని అడవి సెట్టులోనే 'కింగ్ కాంగ్' కూడా తీశారు. ఈ చిత్రానికి కాపీహక్కులు తీరిపోయి మసకబారిన ప్రతులు చాలా తిరుగుతున్నాయి కనుక, పునరుద్ధరించిన ప్రతి కోసం కాస్త వెతుకు. కత్తియుద్ధం ఇష్టమైతే 'ది మార్క్ ఆఫ్ జోరో' (1940), 94 నిమిషాలు. టైరన్ పవర్, బాసిల్ రాత్‌బోన్‌ల ద్వంద్వయుద్ధం ఇప్పటికీ ఊపిరి బిగబట్టిస్తుంది.

పాప కాస్త పెద్దయ్యాక తనతో కలిసి 'ఎలిఫెంట్ బాయ్' (1937) చూడవచ్చు. మైసూరు ఏనుగుల శాలలో దొరికిన సాబూ అనే బాలుడు అందులో నటించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. రాబర్ట్ ఫ్లాహర్టీ మైసూరులో తీసిన ఏనుగుల దృశ్యాలే దాని ప్రాణం. ఇంగ్లండు స్టూడియోలో తీసిన భాగం అంత బాగుండదు.

చూసేటప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకో, వాళ్ళ యాస మొదట్లో అంత తేలిగ్గా పట్టుబడదు. నలుపు తెలుపు సినిమాకు తర్వాత రంగులద్దిన ప్రతులు దొరికితే వాటి జోలికి పోకు. మొదటి పది నిమిషాలు ఫోను పక్క గదిలో పెట్టు. ఈ సినిమాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్కసారే చెబుతారు, తర్వాత గుర్తు చేయరు. ఏది చూశాక ఏమనిపించిందో రాయి, దాన్నిబట్టి తర్వాతివి చెబుతాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య